ముద్దలో మాత్ర

“రక్తం ఆగడం లేదు. ఎద మళ్ళీ తెరవాలి,” అన్నాడు డాక్టరు. “నిజం చెప్పండమ్మా, ఆపరేషన్‌కు ముందు ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకున్నాడా?”

“మీకేం చెప్పినాడు?” అంది అక్కమ్మ.

“జన్మలో మాత్ర మింగలేదన్నాడు.”

రెండేళ్ళలో పన్నెండు ఖనిజం లారీలు కొన్న ఆమె భర్త సుబ్బరామి మాట అది. మాత్రలు మింగేవాడు తన లారీ ఎక్కకూడదని డ్రైవర్లకు రోజూ చెప్పేవాడు.

“ఆయప్ప మింగల్యా సార్. మా ఊరి డాక్టరు గుండెకని రాసిచ్చిన మాత్ర నేనే నూరి రాగిముద్దలో కలిపి పెడతాంటి. నిన్న గూడా క్యారియర్లో తెచ్చి పెట్టినా.”

డాక్టరు ప్లేట్‌లెట్లు తెమ్మని నర్సుకు చెప్పి లోపలికి పరుగెత్తాడు.

నాలుగో రోజుకు సుబ్బరామి నోరు తెరిచాడు.

“రెండుసార్లు కోసినారంట?”

“తప్పు నాదే. నీ ముద్దలో మాత్ర కలుపుతాంటి.”

“తెలుసు. చేదు తెలీదా నాకు?”

అక్కమ్మ స్టూలు మీద కూలబడింది. “తెలిసీ డాక్టరుకు చెప్పలేదేంది?”

“డాక్టరు అడిగిన పొద్దు మన డ్రైవర్లంతా మంచం చుట్టూ ఉండారు. వాళ్ళ ముందర చెప్పాల్నా?”

అక్కమ్మ లేచి గది తలుపు బార్లా తెరిచింది. వరండాలో డ్రైవర్లు నిలబడి ఉన్నారు.

“లోపలికి రాండప్పా,” అని పిలిచింది.

అందరూ మంచం చుట్టూ చేరాక, డాక్టరు ఆ ఉదయం ఇచ్చిన మాత్రను భర్త అరచేతిలో పెట్టింది.

“మింగు.”

సుబ్బరామి డ్రైవర్లను చూశాడు. భార్యను చూశాడు.

“నీళ్ళియ్యి,” అన్నాడు.