మూడు దుప్పట్లు

మూడో రోజు పొద్దున కూడా ఆ మనిషి వచ్చాడు.

వార్డు గుమ్మం పక్కన మాసిన బట్టల బుట్ట ఉంది. అందులో చెయ్యి పెట్టి, ఏరి మరీ పోతురాజు మంచం మీది దుప్పటినే పైకి లాగాడు. కిటికీ వెలుగులో పట్టి చూశాడు. పెన్ను తీసి, నడుము ఆనిన చోట నల్లగా సున్నా చుట్టాడు.

మంచం పక్కన కూర్చున్న పెద్దింట్లమ్మ దిగ్గున లేచింది.

మొగుడి ఒంటికి తగిలిన బట్ట. దాని మీద నల్ల గీత. ఇంక వేరే చెప్పాలా?

రావులపాలెం అవతల కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాడు పోతురాజు. రాజమండ్రి తీసుకొస్తే వెన్నెముకకి ఆపరేషన్ చేశారు. గండం గడిచిందనుకుంటే, ఈ మనిషి కంటబడ్డప్పటి నుంచీ లేచి కూర్చుంటే చాలు, తల పగిలిపోతోందంటున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? రోజూ మా దుప్పటే కావాలా నీకు?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇది డాక్టరు గారు చూశారా అండి?"

"ఆయనొచ్చేలోపే మార్చేస్తాను. మురికి పక్క ఆయనకి చూపించుకుంటామా?"

"రేపట్నుంచి మార్చకండమ్మా. మీ ఆయన్ని లేపి కూర్చోబెట్టకండి కూడా."

మార్చొద్దంట! కూర్చోబెట్టొద్దంట! మనిషి ఇంక లేవకూడదనేగా వీడి ఎత్తు?

"సెక్యూరిటీ! చేతబడి చేస్తున్నాడండీ!" అని వార్డంతా అదిరేలా అరిచింది.

"అమ్మా, నేను ఈ..."

"నోర్ముయ్!"

ఇద్దరు గార్డులొచ్చి రెక్కపట్టి లాక్కుపోయారు. దుప్పటి మాత్రం వదల్లేదు మొండివాడు.

పీడ విరగడైందనుకుని, మొగుడి నుదుట విభూతి పెట్టింది.

కాసేపటికి డాక్టర్ శివరామకృష్ణ గబగబా వచ్చాడు. ఆయన చేతిలో మూడు దుప్పట్లు.

వస్తూనే పోతురాజుని పక్కకి తిప్పించి చూశాడు. కట్టు తడిసి ఉంది.

"రోజూ అడుగుతుంటే పొడిగా ఉందన్నారేంటమ్మా?"

"చెమటేమో అనుకున్నానండి. తుడిచేసి, దుప్పటి మార్చేసేదాన్ని."

ఆయన దుప్పట్లు మంచం మీద పరిచాడు. మూడింటి మీదా ఎర్రటి చుక్క, చుట్టూ నీటి చార, దాని అంచున నల్ల సున్నా. మొదటిది రూపాయి బిళ్ళంత, రెండోది గాజంత. ఇవాళ్టిది పళ్ళెమంత.

"ఇది చెమట కాదు. వెన్నులో నీరు కారిపోతోంది, కూర్చుంటే తలనొప్పి అందుకే. ఇంకో రెండు రోజులైతే చీము పట్టి మెదడు దాకా పాకేది. ఇప్పుడే కుట్లేసి మూసేస్తాం. అందాకా తల ఎత్తనివ్వకండి."

పోతురాజుని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. పెద్దింట్లమ్మ సిగ్గుతో తల ఎత్తలేక, నర్సు ఆశాజ్యోతి చెయ్యి పట్టుకుంది.

"ఆ సున్నాలు చుట్టినాయన కాళ్ళ మీద పడతానమ్మా. ఎవరాయన? ఎక్కడుంటారు?"

ఆశాజ్యోతి దుప్పట్లు మడతపెడుతూ, ఆమె వైపు చూడకుండా చెప్పింది.

"ముప్పై ఏళ్ళుగా ఈ ఆస్పత్రి బట్టలు ఉతుకుతున్న త్రిమూర్తులు గారండి, మీరు అరిచారని ఇందాకే పనిలోంచి తీసేస్తే, వెళ్ళిపోతూ డాక్టరు గారి కారుకి అడ్డంగా నిలబడి ఇవి ఇచ్చి పోయారు."