ఆరు నెలలకిచ్చిన గది

"దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకు!"

గోడకి వేలాడుతున్న అతుకుల గుడ్డని కొస పట్టుకుని లాగబోయిన కొత్తమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"అది కాదక్కా. నాకు లేత రంగులంటే ఇష్టం. ఇది తీసేసి ఇంకేదన్నా..."

"తీస్తే వెనకాల చెమ్మ మరక బయటపడుతుంది. నీ అంత ఉంటుంది. సున్నం కొట్టించమని ఇంటావిడ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, ఇక నావల్ల కాక టైలర్ పారేసే ముక్కలు ఏరుకొచ్చి కుట్టుకున్నాను. చూడూ, ఆరంటే ఆరు నెలలు. మళ్ళీ వచ్చేస్తాను. అప్పటిదాకా ఇక్కడున్నది ఇక్కడే ఉండాలి. సరేనంటే తాళం తీసుకో."

కొత్తమ్మాయి మొహం చిన్నబోయింది. "మరి నేనుండేది గదిలోనా, మ్యూజియంలోనా అక్కా?"

గది ఇచ్చి వెళ్తున్న ఆమెకి కోపం రావలసింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు నిండిపోయాయి. చప్పున అటు తిరిగి, ఒకసారి వేసిన సంచీ జిప్పునే మళ్ళీ తీసి వేసింది.

ఇంకొక్క ఏడాది ఉంటే ఆమె పీహెచ్‌డీ పూర్తయ్యేది. వారం కిందట ఊళ్ళో వాళ్ళక్క మెట్ల మీంచి జారి నడుము విరగ్గొట్టుకుంది. ఆరు నెలలు మంచం దిగడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. బావ లారీ నడుపుతాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. పిల్లలిద్దరూ పసివాళ్ళు. ఆమె మర్నాడే తన గైడ్ మేడమ్‌కి సెలవు కాగితం ఇచ్చి, యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద 'ఆరు నెలలకి గది' అని చీటీ అంటించింది. మొన్న ఈ అమ్మాయి ఫోన్ చేసింది. ఎందుకు ఖాళీ చేస్తున్నారని ఆ అమ్మాయి అడగలేదు, ఈమె చెప్పలేదు.

"ఒకవేళ ఆరు నెలల్లో రాలేకపోతేనో?" అంది కొత్తమ్మాయి మెల్లగా.

"రాకేం? నిన్న మా మేడమ్ భుజం తట్టి మరీ చెప్పింది, ఏ బెంగా పెట్టుకోకుండా వెళ్ళిరా అని." సంచీ పక్కకి నెట్టింది. "ఇటు రా. ఏది ఎలా వాడాలో చెబుతాను."

పళ్ళ పెట్టెలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి పుస్తకాల అర చేసింది. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ వేళ్ళు బొబ్బలెక్కాయిగానీ, ఇప్పుడు చెయ్యి పెట్టి రాస్తే ఒక్క పేడు గుచ్చుకోదు. నేల మీది తివాచీని పాత టీషర్టులు చించి జడలా అల్లింది. మూతి పగిలిందని పారేసిన గాజు సీసాలో బల్బు పెట్టింది. ఒక్కొక్కటీ చూపిస్తూ, చూపించాక అరచేత్తో నిమురుతూ ముందుకు కదిలింది.

"అద్దం మాత్రం కిటికీకి ఎదురుగానే ఉండాలి. వెలుగంతా అందులో పడి గది రెండింతలు కనిపిస్తుంది. పక్కకి జరిపావో, మళ్ళీ అగ్గిపెట్టే."

"అబ్బ, నిజమే!" కొత్తమ్మాయి అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకుంది. అంతలోనే నలిగిన తన చొక్కా కంటబడింది. "అక్కా, రేపే నా మొదటి రోజు. అందరూ ఎలాంటివి వేసుకొస్తారు? నా దగ్గరున్నవే మూడు జతలు, చెప్పుకోదగ్గవి ఏవీ లేవు."

ఆమె సర్దిన సంచీ మళ్ళీ విప్పి, అడుగున మడతపెట్టిన బూడిదరంగు కోటు తీసింది.

"వేసుకో."

"అయ్యో, వద్దక్కా, మీకు..."

"అక్కడ నాకు వంటా, పిల్లల స్నానాలూనూ. కోటెందుకు? పాత బట్టల కొట్లో దొరికింది. గుండీలు మార్చి, చేతులు కురచ చేసి, లోపలి గుడ్డ కొత్తది వేశాను. నా సెమినార్లన్నీ దీంతోనే గడిచిపోయాయి. ఒక్కరు కనిపెడితే ఒట్టు. నీకున్న మూడు జతలూ దీని కిందకి నప్పుతాయో లేదో చూసుకుని ఇస్త్రీ చేసుకో, చాలు."

కొత్తమ్మాయి చేతులు తొడుక్కుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆమె ఎదురుగా నిలబడి, బడికెళ్ళే పిల్లకి పెట్టినట్టు ఒక్కో గుండీ పెట్టసాగింది.

"మీరు ఇంత మంచివాళ్ళనుకోలేదక్కా. ఇందాక ఆ గుడ్డ ముట్టుకోవద్దని అరిచినప్పుడు రాక్షసి అనుకున్నా."

"అనుకుంటావులే. రాక్షసినే." ఈసారి నిజంగానే నవ్వింది. "ఇంతకీ ఏ ల్యాబ్‌లో చేరుతున్నావ్?"

"నేలల పరీక్షల ల్యాబ్."

ఆమె గుండె సంతోషంతో ఎగిరిపడింది. తన ల్యాబే! తిరిగొచ్చేసరికి ఈ వాగుడుకాయ తన పక్కనే పనిచేస్తూ ఉంటుందన్నమాట. 'అది మాదేనే పిచ్చిదానా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఏదో అనుమానం తట్టింది.

"ఈ ఏటి అడ్మిషన్లు ఎప్పుడో అయిపోయాయిగా. ల్యాబ్‌లో ఖాళీ కూడా లేదు. నీకు సీటెలా వచ్చింది?"

"నా అదృష్టం అక్కా! వెయిటింగ్ లిస్టులో ఉన్నాను, ఆశ కూడా వదిలేసుకున్నా." కొత్తమ్మాయి కోటు కాలరు సర్దుకుంటూ, అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతూ చెప్పింది. "ఎవరో సీనియరట, వాళ్ళక్కకి నడుము విరిగిందని ఇంటికెళ్తోందట. మేడమ్ నాలుగు రోజుల కిందటే ఫోన్ చేశారు, ఆవిడ ఇక తిరిగి రాదులే, వచ్చి ఆ సీట్లో చేరిపొమ్మని!"