పొద్దుటి క్లాసులో ఇద్దరు

"ఇదేంది? ఇంగ్లీషుల చెప్పున్రి." షెకినా స్టీలు గ్లాసు ఎత్తి చూపించింది.

వరండాలో కుర్చీలో కూర్చున్న సిలాసయ్య గ్లాసు వైపే చూశాడు. పెదవులు కదిలాయి. చాలాసేపటికి "డ్రింక్" అన్నాడు.

"అది చేసే పని. నాకు పని వద్దు, పేరు కావాలె. నౌన్."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

పిట్టగోడ అవతల బట్టలు ఆరేస్తున్న సక్కుబాయి ఆగలేకపోయింది. "గ్లాసు!" అని అరిచేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

షెకినా నవ్వింది. "కరెక్ట్ అక్కా. గాడ నిలవడ్డవేంది, ఇటు వచ్చి కూసో."

సక్కుబాయి ఔరాద్ నుంచి బీదరుకు వచ్చి వారం కూడా కాలేదు. భర్త శివరాజ్‌కు హమాలీ పని దొరికితే చిద్రి అనే వాడలో ఈ గది కిరాయికి తీసుకున్నారు. పక్కింటివాళ్ల గురించి ఆమెకు తెలిసింది తక్కువే. సిలాసయ్య పక్షవాతం వచ్చి లేచాడు, కుడి చెయ్యి ఇంకా సరిగా లేవదు, మాట తడబడుతుంది. షెకినా వాళ్ల చర్చి అమ్మాయి. హైదరాబాదులో కాల్ సెంటర్లో పనిచేస్తోంది. సెలవు మీద వచ్చి, ఆ సెలవంతా ఈ పెద్దాయనకు ఇంగ్లీషు చెప్పడానికే పెడుతోంది.

"ఈ వయసుల ఇంగ్లీషు ఎందుకమ్మా ఆయనకు?" అని సక్కుబాయి సిలాసయ్య భార్య కరుణమ్మను అడిగింది.

"ఖాళీ కూసుంటే మనసు పాడైతది బిడ్డా" అని కరుణమ్మ టీ చేతికిచ్చింది.

నిజానికి ఇంగ్లీషు అవసరం సక్కుబాయికే ఉంది. కొత్తగా తెరిచిన ఒక దవాఖానాలో ఆయా పనికి మనుషులు కావాలట. నర్సు అడిగిన వస్తువు అందించాలి. పేర్లన్నీ ఇంగ్లీషులోనే. శుక్రవారం రమ్మన్నారు. ఆమె చదివింది కన్నడ బడిలో ఏడో తరగతి దాకా. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కంది చేలల్లో కలుపు తీసింది. ఇంగ్లీషు పుస్తకం చూస్తేనే గుండె దడ. కానీ తనకన్నా తడబడే మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ దడ కొంచెం తగ్గింది.

"మనిషికి, ఊరికి, వస్తువుకు ఉండే పేరే నౌన్" అంది షెకినా.

"మా బడిల నామపద అనేటోళ్లు. గదేనా?"

"గదే!"

బెడ్, బాటిల్, బకెట్, సోప్. రెండు రోజుల్లో సక్కుబాయి నోటు పుస్తకం నాలుగు పేజీలు నిండింది. "సగం నాకు తెల్సినయే. ఇంగ్లీషని తెల్వకనే మాట్లాడుతున్న ఇన్నేండ్లు!" అని మురిసిపోయింది.

సిలాసయ్యకు మాత్రం పేర్లు రాలేదు. కత్తి చూపిస్తే "కట్" అనేవాడు. కుర్చీ చూపిస్తే "సిట్". పనులన్నీ చెప్పేవాడు. వస్తువు పేరు దగ్గరికి వచ్చేసరికి గోడ అడ్డం వచ్చినట్టు ఆగిపోయేవాడు.

బుధవారం సబ్బు చూపించినప్పుడు ఆయన నాలుగుసార్లు నోరు తెరిచి మూశాడు. హఠాత్తుగా ఎడమచేత్తో బల్ల మీదివన్నీ తోసేశాడు. "వద్దు" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సక్కుబాయి వాకిట్లో పడ్డ సబ్బు తీసి, కడిగి తెచ్చి, ఆయన ఒళ్లో పెట్టింది.

"సిలాసయ్యా, నాకు మాత్రం ఏమొచ్చు? మీరూ నేనూ ఒక్క తరగతోళ్లమే. మీకు పనులొస్తయి, నాకు పేర్లొస్తయి. ఇద్దరం కలిసి నేర్సుకుందం. ఇందుల సిగ్గేముంది?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. సబ్బును తిరిగి బల్ల మీద పెట్టాడు.

గురువారం షెకినా గొడుగు తెచ్చింది. సక్కుబాయి లేచి నిలబడి "దిస్ ఈజ్ ఎ అంబ్రెల్లా" అంది.

"యాన్!"

ఉలిక్కిపడి చూసింది. అన్నది సిలాసయ్య. కుర్చీలో ముందుకు వంగాడు. "ఎ కాదు. యాన్." ఎడమచేతి వేలు గాల్లో ఆడించాడు. మెడ నరాలు ఉబ్బాయి. "యాన్... యాన్... అంబ్రెల్లా!"

కరుణమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. షెకినా చున్నీతో కళ్లు ఒత్తుకుంది. ఒక్క గొడుగుకే ఇంత సంబరమా అనుకుంది సక్కుబాయి. అయినా ఆమెకూ సంతోషంగానే ఉంది.

"నాకు రానిది మీకొచ్చింది! అయితే ఎగ్గు గూడ యాన్ ఎగ్గేనా?"

ఆయన గట్టిగా తల ఊపాడు.

మర్నాడు దవాఖానాలో పెద్ద నర్సు బల్ల మీద పది వస్తువులు పరిచి ఒక్కొక్కటే అడిగింది. సక్కుబాయి తొమ్మిదింటి పేర్లు తడుముకోకుండా చెప్పింది. చివరిది తొడుక్కునే ఏప్రన్. ఒక్క క్షణం ఆగి "దిస్ ఈజ్ యాన్ ఏప్రన్" అంది. నర్సు తలెత్తి ఆమెను పరీక్షగా చూసింది. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మంది.

ఆదివారం మధ్యాహ్నం షెకినా హైదరాబాదు బస్సుకు బయల్దేరి, సంచి భుజాన వేసుకుని చెప్పిపోదామని వచ్చింది. సక్కుబాయి పేడాల డబ్బాతో అప్పటికే అక్కడుంది. మొదటి పేడా సిలాసయ్య చేతిలో పెట్టి "ఇదేంది?" అంది.

"స్వీట్" అన్నాడాయన. గొడుగుతో మొదలుపెట్టి లెక్కేస్తే అది ఆయనకు వచ్చిన పదకొండో పేరు.

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె" అంది సక్కుబాయి. "రోజూ డ్యూటీకి పోయే ముందు ఒక గంట ఈడ కూసుంట. నాకొచ్చిన పేర్లన్నీ సిలాసయ్యతోని చెప్పిస్త."

షెకినా ఆమె చెయ్యి పట్టుకుంది.

"గని ఒక్క సంగతి చెప్పు. నా అసుంటిదానికి గూడ మనసుల పడేటట్టు చెప్పినవ్. నీకు ఈ గ్రామరంత నేర్పినోళ్లెవరు?"

షెకినా సంచి కింద పెట్టి, సిలాసయ్య కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది.

"మా బడిల ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పింది ఈ సారే అక్కా."