అయిదో చరణం

"ఆఖరి చరణం ఇడిసిపెట్టినవ్ బిడ్డా."

కంది పాట పాడి ఆపిన అర్చిత హెడ్‌ఫోన్ తీసి చూసింది. పక్కనే గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్లో కందులు చెరిగే ముసలామె, చంకలో చేటతో స్టూడియో గడపలో నిలబడి ఉంది. చీర నిండా పొట్టు.

అర్చితకు చిర్రెత్తుకొచ్చింది. బయట లారీల హారన్లు ఆగితే గాని రికార్డింగు సాగదు, ఆగిన ఆ కాస్తలో ఈమె వచ్చి పడింది. ఉద్యోగం మానుకుని చేస్తున్న మొదటి ఆల్బం. ఇది పోతే మళ్ళీ పాట మాటెత్తనని ఇంట్లో ఒట్టేసి వచ్చింది.

"నాలుగు చరణాలే అవ్వా. మంగళగి ఊర్ల కలుపు తీసేటోళ్ల దగ్గర నేర్చుకున్న."

"నాలుగు గాదు, అయిదు. నేను జెప్త, రాస్కో."

"పాట పొడుగైతది."

"అది లేకుంటే పాట మొండిదైతది బిడ్డా."

"నీకెందుకవ్వా అంత పట్టింపు?"

ముసలామె తల దించుకుంది. "నేను జెప్పేది గాదు. పాటలనే ఉంటది."

"అంబమ్మవ్వా, రేపు రా," అంటూ రికార్డింగు చేసే దినేశ్ ఆమెను మెల్లగా బయటికి పంపాడు.

ఆమె మరునాడు వచ్చింది. మూడోనాడూ వచ్చింది. అర్చిత లోపల గడియ పెట్టింది.

ఆల్బం ఎవరూ అనుకోనంతగా జనంలోకి వెళ్ళింది. హుమ్నాబాద్ దాబాల్లో, లారీ క్యాబిన్లలో ఆ కంది పాటే. అడిగిన వాళ్ళందరికీ అర్చిత ఒకటే చెప్పింది: "ఎవరు కట్టిండ్రో ఎవ్వరికీ తెల్వదు. జనం పాట."

ఏడాదికి మంగళగి వాళ్ళు పిలిచి శాలువా కప్పారు. నాలుగు చరణాలూ పాడి ఆపింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళు ఇంకా దేనికోసమో చూస్తున్నారు.

"ఆఖరిదేది?" అంది భాగ్యమ్మ. పాట నేర్పింది ఆమే.

"నువ్వు నాలుగే నేర్పినవ్ కదక్కా."

"ఆనాడు వానొచ్చి ఉరికినం గదమ్మా. ఆఖరి చరణంల కట్టినామె పేరుంటది. నేనే కట్టిననని ఆమె తన నోటితోని చెప్పుకోవద్దు. పాడేటోళ్లే చెప్పాలె."

అర్చితకు చంకలో చేటతో గడపలో నిలబడ్డ ముసలామె గుర్తొచ్చింది.

"ఆమె ఏడుంది అక్కా?"

"ఏడుందమ్మా, మొన్న ఎండకాలంల పోయింది."

అయ్యో, ఆ మూడు రోజుల్లో ఒక్క నిమిషం వినుంటే తన సొమ్మేం పోయేది. గడియ పెట్టిన చేతిని కొంగులో దాచుకుంది అర్చిత.

ఆమె ఆపిన చోటి నుంచి ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు: "గంజ్‌ల కందులు చెరిగి, చేట మీద దరువు ఏసి, మంగళగి అంబమ్మ కట్టెనీ పాట."