ఉదయం ఆరు గంటల ఫొటో

శౌరయ్యని సమాధి చేసి ఏడు రోజులైంది. గుడిలో ఫాదరు గారి పూజ అయ్యాక చుట్టాలందరూ బస్సులెక్కి వెళ్ళిపోయారు. కూతురు స్టెల్లా అరుగు మీద కూర్చుని, తండ్రి షుగరు మీటరుని ఒళ్ళో పెట్టుకుంది.

నాన్నని చంపింది తన స్ట్రిప్పులేనా? అది తేలందే ఆమెకి నిద్ర లేదు.

విశాఖ దగ్గర షుగరు స్ట్రిప్పులు చేసే కంపెనీలో ఆమె ఉద్యోగం. స్ట్రిప్పుల్ని వేడిలో, తేమలో నెలల తరబడి ఉంచి, ఎన్నాళ్ళు నిజం చెబుతాయో చూడటం ఆమె పని. స్ట్రిప్పు కొసన పూసిన ఎంజైమ్ నెత్తుటిలోని చక్కెరతో కలిస్తే సన్నటి కరెంటు పుడుతుంది. దాన్నే మీటరు అంకె చేసి చూపిస్తుంది. తేమ తగిలితే ఎంజైమ్ చస్తుంది. ఇక అంకెని నమ్మలేం.

కొత్త రకం స్ట్రిప్పుకి ఆవగింజంత నెత్తురు చాలు. ఆ మాట చెబితే నాన్న నవ్వాడు. ముదినేపల్లి చేపల చెరువుల్లో నలభై ఏళ్ళు వల లాగిన చేతులవి.

"నా వేళ్ళలోంచి నెత్తురు రావాలంటే నీ సూది చాలదే అమ్మాయ్, గునపం కావాలి!"

మొదటి వారం తల్లి తెరేసమ్మ రోజూ ఫోన్ చేసింది.

"గుచ్చితే చుక్క రాదే. మీటరు ఎర్రర్ అంటంది. నాలుగు దండగైపోయినయ్. ఆయన చూస్తే ఐదింటికే చెరువుకి పోతాడు, కుదురుగా కూచోడు."

"వేడినీళ్ళతో కడిగి గట్టిగా నొక్కమ్మా. నేను పరీక్షించి పంపినవి అవి. నా కోసమన్నా రోజూ చూసి ఫొటో పెట్టు."

"నీ కోసమా? సర్లే."

ఆ మర్నాటి నుంచి ఒక్క స్ట్రిప్పూ దండగ కాలేదు. రోజూ ఉదయం ఆరింటికి ఫొటో వచ్చేది. తొంభై ఎనిమిది. నూట నాలుగు. తొంభై ఆరు. ఇలా మూడు నెలలు. స్టెల్లా ఆ ఫొటోలు ల్యాబులో అందరికీ చూపించుకుని మురిసిపోయింది. డాక్టరు గారికి పంపితే ఆయన మందు తగ్గించారు. నాన్న ఊరికే దాహమంటున్నాడని అమ్మ చెబితే, "ఎండలు కదమ్మా, షుగరు బానే ఉందిగా" అన్నది తనే.

బెజవాడ ఆసుపత్రిలో చేర్చిన రోజు చేతి నరంలోంచి తీసిన నెత్తురులో నాన్న షుగరు ఐదు వందల అరవై.

"ఇంట్లో చూసుకోవట్లేదా అండీ?" అనడిగింది నర్సు. ఫొటోలు చూపించబోయి స్టెల్లా ఫోను దించేసింది.

ఇప్పుడు ల్యాబు నుంచి తెచ్చిన చిన్న సీసా తీసింది. అందులో ఉన్నది కొలిచి కలిపిన చక్కెర నీళ్ళు. స్ట్రిప్పు మంచిదైతే మీటరు ఎంత చూపించాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. నూట రెండుకీ నూట ముప్పై ఎనిమిదికీ మధ్య.

ఒక చుక్క. నూట పంతొమ్మిది.

ఇంకో స్ట్రిప్పు. నూట ఇరవై ఒకటి.

డబ్బాలో మిగిలినవన్నీ వరసగా చూసింది. ఒక్కటి కూడా తప్పు చూపించలేదు. స్ట్రిప్పులు మంచివే, మీటరూ మంచిదే. మరి ఆ తొంభై ఆరు ఎక్కణ్ణించి వచ్చింది?

తెరేసమ్మ టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది.

"ఇద్దరం ఒకే కుండలో కూడు తిన్నామే. ఆయనకి మాత్రం అంత షుగరెట్టా ఉంటదిలే అనుకున్నా." గ్లాసు అందిస్తూ అడిగింది. "ఏం తేలింది? స్ట్రిప్పులు మంచియ్యేనా?"



గ్లాసు అందుకోబోయిన స్టెల్లా చెయ్యి మధ్యలోనే ఆగింది. తర్వాత ఖాళీ డబ్బా తీసుకుని మూత బిగించింది.

"పాడైపోయినవమ్మా. తేమ పట్టేసింది. తప్పు నాదే."

"నీ తప్పేంటే, పిచ్చిదానా!"

తెరేసమ్మ గ్లాసు కింద పెట్టి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఏడు రోజులుగా రాని ఏడుపు ఆ తల్లికి అప్పుడొచ్చింది.

స్టెల్లా తల నిమురుతున్న ఆ వేళ్ళ కొసల నిండా నల్లటి సూదిపోట్లు. శవపెట్టెలో నాన్న చేతులకి జపమాల చుట్టిన రోజున, ఆయన వేళ్ళ మీద ఒక్కటంటే ఒక్కటి లేదు.