నిజం చెప్పే సూది

"సూది పడ్డంక మనిషి అబద్ధమాడలేడంట గదా డాక్టరమ్మా?" అని అడిగాడు ఊరి పెద్దమనిషి బుచ్చిరాములు.

కరీంనగర్‌లో ఆ మానసిక వైద్యశాల వరండాలో నలుగురు పెద్దమనుషులు బెంచీ నిండా కూర్చున్నారు. పొద్దున్నే మెట్‌పల్లి నుంచి కారులో దిగారు. ఊళ్లో రెండుసార్లు పంచాయితీ పెట్టినా తెగని ముచ్చట ఇవాళ ఇక్కడ తెగుతుందని వాళ్ల ధీమా.

డాక్టర్ కోమల తల అడ్డంగా ఊపింది. "అసొంటిది కాదండీ. కెటమిన్ అని ఒక మందు. మనసు కుంగిపోయినోళ్లకు గోలీలు పనిచెయ్యకపోతే జరంత ఎక్కిస్తం. పాణం తేలికపడ్డంక ఆలుమగలను కూసోబెట్టి మాట్లాడిస్తం. గంతే."

"గదే గదమ్మా! టీవీల సూస్తలేమా?" అన్నాడు రోగి తండ్రి చొక్కారావు. "సూది ఇయ్యంగనే దొంగలు సుత అన్నీ కక్కుతరు."

కోమల ఏదో చెప్పబోయింది. చొక్కారావు కోడలు రచన గబగబా ఆమె చేయి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది.

"చెప్పకండి మేడం. వాళ్లను అట్లనే అనుకోనియ్యండి."

"ఎందుకమ్మా?"

"మూడేండ్ల సంది నేను చెప్తనే ఉన్న. నా మాట ఒక్కలు నమ్ముతలేరు. సూది మాటన్న నమ్ముతరు."

నమ్మకపోతే ఆమెకు నిలువ నీడ లేదు. మన దగ్గర మొగుడికి పడిశం పట్టినా పెళ్లామే చన్నీళ్లు పోసిందంటారు. పెళ్లికి ముందు కొడుకు బంగారంలా ఉండేవాడనీ, ఈ పిల్ల గడప తొక్కాకే మంచం పట్టాడనీ, మనసు ఇంకెక్కడో పెట్టుకుని వాణ్ని కాల్చుకు తింటోందనీ చొక్కారావు ఊరంతా చాటాడు. "తప్పు నీదని తేలితే మా దర్వాజ తొక్కకు" అని కన్నతండ్రి కూడా తేల్చి చెప్పాడు. అటు అత్తిల్లు, ఇటు పుట్టిల్లు రెండూ ఇవాళ ఆమె మొగుడు విక్రాంత్ నోటి మీదే ఆధారపడి ఉన్నాయి.

విక్రాంత్‌ను మంచం మీద పడుకోబెట్టారు. కళ్లకు మెత్తటి పట్టీ కట్టి, చేతి నరానికి సన్నటి గొట్టం పెట్టి, మందు నెమ్మదిగా ఎక్కించారు. నర్సు పక్కనే నిలబడి బీపీ చూస్తూ ఉంది. ముక్కాలు గంట గడిచాక కోమల పట్టీ విప్పితే, అతని కళ్లు తడిగా ఉన్నాయి. రచన అతని చేయి పట్టుకుంది. ఏడాదిగా గోడవైపు తిరిగి పడుకునేవాడు ఈసారి చేయి లాక్కోలేదు.

"రచనా... నీ తప్పేం లేదే."

ఆమె మంచం అంచున కూర్చుంది.

"గిది ఇంజనీరింగ్ మూడో ఏడే మొదలైంది. లేవబుద్ధి కాకపోతుండె, తినబుద్ధి కాకపోతుండె. హైదరాబాద్‌ల ఎవలికి తెల్వకుంట గోలీలు మింగిన. పెండ్లి వద్దని చెప్దామని పదిసార్లు బాపు కాడికి పోయిన. ఆయన ముందట నిలవడితే నాకు నోరే లేవదు."

"మరి వాళ్లు నన్ను తిడుతుంటె ఎందుకు ఊకున్నవ్?"

"నా మీదికి రాకుంట ఉంటదని." విక్రాంత్ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "నిన్ను ఆగం చేసిన రచనా."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. తప్పు తనది కాదనే మాట మూడేళ్లకు ఒక్క నోటి నుంచైనా విన్నది, ఆ సంతోషంలోనే కడుపు నిండిపోయింది.

"గీ మాట బయట చెప్తవా?"

"చెప్త. ఇప్పుడు నాకు భయమైతలేదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

కోమల మధ్యలో కలగజేసుకుంది. "తొందరపడకండి. మందు దిగేదాక రెండు గంటలు పండుకోనియ్యాలె. ఇంకా నాలుగుసార్లు వస్తెగాని మనిషి కుదురుకోడు. ఇయ్యాల్నే పంచాయితీ వద్దు."

"ఇంకోసారి తీస్కరారు మేడం. ఇదే ఆఖరని చెప్పి తెచ్చిండ్రు. పోనీ, మీరన్న చెప్పండి."

"లోపలి మాట నేను బయటపెట్టరాదమ్మా. ఆయననే చెప్పాలె."

రెండు గంటలు గడిచాయి. రచన అతనికి నీళ్లు తాగించింది, చొక్కా గుండీలు పెట్టింది, తల దువ్వింది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని బయటికి నడిచారు. పెళ్లినాడు ఏడడుగులు నడిచిన తర్వాత మళ్లీ అలా నడవడం అదే మొదలు.

పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. చొక్కారావు చేతులు వెనక్కి కట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు.

"సూది పడ్డదా డాక్టరమ్మా?" అన్నాడు బుచ్చిరాములు.

"మందు ఇచ్చినం, కానీ..."

"కానీ గీనీ లేదు. ఇగ పిలగాడు ఏమంటె గదే ఖరారు. ఏం బిడ్డా, నీకు సమ్మతమేనా?"

రచన మొహం వెలిగిపోయింది. "సమ్మతమే. ఆయన నోట ఏది వస్తె గదే నిజం. నేను కట్టువడి ఉంట."

చొక్కారావు ఒక అడుగు ముందుకు వేశాడు. "చెప్పురా. నువ్వు గిట్లెందుకైనవ్? ఎవల వల్ల?"

విక్రాంత్ తలెత్తి తండ్రి మొహంలోకి చూశాడు. భయపడకు, చెప్పు అన్నట్టు రచన అతని వేళ్లు గట్టిగా నొక్కింది.

ఆమె చేయి వదలకుండానే అన్నాడు విక్రాంత్, "రచన వల్లనే బాపూ."