నంబరు లేని మనిషి

"ఏయ్, ఎవరు నువ్వు? అక్కడేం చేస్తున్నావ్?"

మాజీ సైనికుల సంఘం కార్యదర్శి కేకకు స్మారక స్తంభం దగ్గరున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

నలభై ఏళ్ల కిందటి యుద్ధంలో పోయిన పద్దెనిమిది మంది పేర్లున్నాయి దాని మీద. గంట నుంచీ ఈ మనిషి ఒక్కో పేరూ తడుముతూ ఏదో గొణుక్కుంటున్నాడు.

దొంగ సైనికులను పట్టుకోవడంలో కార్యదర్శిది అందెవేసిన చెయ్యి. పింఛను కోసం వేషం కట్టినవాళ్లను ఒక్క ప్రశ్నతో బోల్తా కొట్టించేవాడు.

"నీ సైనిక నంబరెంత?"

"నంబరు లేదండీ. నేను సిపాయిని కాను. పేపర్లో ఈ పేర్లు చూసి వచ్చాను."

"వీళ్లు నీకేమవుతారు?"

"ఏమీ కారు. కానీ అందరూ తెలుసు. ఈయన జేబులో విరిగిన దువ్వెన. ఈయన దగ్గర పసిపాప మేజోడు, ఒక్కటే. ఈ ఏడో ఆయన దగ్గర భార్యకు సగం రాసిన ఉత్తరం, 'నీ కోపం తగ్గిందా' అని..."

కార్యదర్శికి ఒళ్లు మండిపోయింది. ఏడో పేరు అతని అన్నది.

అన్న శవం ఇంటికి రాలేదు. ఎక్కడ పూడ్చారో తెలియదు. ఆ చోటు కోసం అతను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

చచ్చినవాళ్ల జేబుల్లో ఏముందో ఎవడికి తెలుస్తుంది? దోచుకున్నవాడికే!

"శవాల మీద పేలాలు ఏరుకునే వెధవా!"

"అయ్యా, పోయేలోపు ఒక్క మాట చెప్పిపోదామని..."

"నోర్ముయ్! మళ్లీ కనిపిస్తే పోలీసులకు అప్పగిస్తా."

ముసలాయన వెళ్లి, కదులుతున్న బస్సెక్కాడు.

ఇంటికి రాగానే కార్యదర్శి వదినకు గొప్పగా చెప్పాడు.

"అన్నయ్య నీకు రాసిన ఉత్తరం కూడా కొట్టేశాడు వదినా, దొంగ!"

వదిన ముఖం పాలిపోయింది.

"ఆ ఉత్తరం నాకు అప్పుడే పోస్టులో వచ్చింది బాబూ. మొగుడూ పెళ్లాల గొడవ కదా, నీకు చూపించలేదు. వెనకాల ఎవరిదో కొక్కిరిబిక్కిరి రాత. 'అమ్మా, అడ్రసు కోసం చదివాను, మన్నించండి. మట్టి వేసే ముందు దొరికింది' అని. పేరూ ఊరూ లేవు. ఎవరో తోటి సిపాయి అనుకున్నాను. అతనూ ఆ యుద్ధంలోనే పోయాడేమో అనుకున్నాను."

వదిన ఆత్రంగా అడిగింది.

"ఆయన పేరు? ఏ ఊరు?"

"అడగలేదు వదినా. నంబరడిగాను."

వదిన గోడకు చేరగిలబడింది.

"మీ అన్నను మట్టిలో పెట్టింది ఆయనే బాబూ. ఆ చోటు తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కడే."